గంటి వారు కండి వారైతే వంశవృక్షంలో ఏది రాయాలి?

మైలాపూరు మనవడు: మా ఇంటిపేరు గంటి. తాతగారిని చెన్నైలో బడిలో వేసినప్పుడు తమిళ లిపిలో రాశారు. ఆ లిపిలో క, గలకు ఒకటే అక్షరం, ట, డలకూ ఒకటే అక్షరం కనుక, తరువాత దానిని ఇంగ్లీషులోకి ఎక్కించిన గుమాస్తా 'కండి' అని చదువుకున్నాడు. నాన్నగారి నాటికి 'కె' అనే పొడి అక్షరమే మిగిలింది. ఎవరిని ఏ రూపం కింద చేర్చాలి? కోడళ్లకు పుట్టింటి పేరు వేయాలా, మెట్టినింటి పేరా?

సూచికకర్త: నేను 30 ఏళ్లు గ్రంథసూచికలు కూర్చినవాడిని. పత్రంలో ఎలా ఉంటే అలాగే దించుకుని, శీర్షికకు గంటి అనే ఒక్క రూపం నిలిపి, కండి దగ్గర 'చూ. గంటి' (అంటే 'గంటి చూడండి') అని వేయండి. ఇంగ్లీషులో రాసిన పేర్లను ఉచ్చారణను బట్టి ఒక అక్షరం, మూడు అంకెలుగా మార్చే, 1918లో పేటెంటు పొందిన సౌండెక్స్ పద్ధతిని నమ్ముకోకండి. అది ట, డలకు ఒకే అంకె ఇచ్చినా మొదటి అక్షరాన్ని ముట్టుకోదు కనుక, గంటి 'జి530', కండి 'కె530' అవుతాయి. ఆ మొదటి అక్షరమే కొంప ముంచుతుంది.

బండి ఱ: ముందు తెలుగులో సరిగా రాద్దాం. మా చెఱుకూరి వారిని ఒక సంచికలో 'చెరుకూరి' అని అచ్చువేశారు. మా పక్కింటి తమిళులు ఆ ఱ అక్షరాన్ని నేటికీ వదలలేదు, మనకే బరువైపోయింది.

పెరంబూరు: అయ్యా, మీ పెద్దలు సంతకంలో ఏ 'ర' పెట్టారో చూసుకున్నారా? వారు రాయనిది మీరు దిద్దితే అది పరిష్కరణ అవుతుంది గాని వంశచరిత్ర కాదు.

బండి ఱ: మా పెద్దల సంతకాల జోలికి మీరు రావలసిన పని లేదు. ఉచ్చారణ పోయిందని అక్షరాన్ని కూడా పారేసేవారితో నాకు వాదన అనవసరం.

సూచికకర్త: రెండూ ఉంచి, ఒకదాని నుంచి మరొకదానికి 'చూ.' వేస్తే సరిపోయేదానికి ఇంత రభస ఎందుకు?

టి.నగర్ కోడలు: అసలు ఆ 'కె' ఇంటిపేరేనా? గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారి 'ఎస్' షియాళి అనే ఊరు, 'ఆర్' తండ్రి పేరు. అదే రాధాకృష్ణన్ గారి 'ఎస్' సర్వేపల్లి, అది ఊరి పేరైనా ఆయనకు ఇంటిపేరు. తాతగారి పేరు కకారంతో మొదలవుతుందేమో చూడండి.

మైలాపూరు మనవడు: తాతగారు కృష్ణమూర్తి! ఇది నాకు తట్టనే లేదు. నాన్నగారి బడి పత్రం తీసి చూడాలి. కోడళ్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

బండి ఱ: చెఱుకు అన్న మాటను బ్రౌను నిఘంటువులో చూసి రండి, తరువాత మాట్లాడుదాం.