నాన్నని ట్రయల్‌లో చేరమంటున్నారు, మీ అనుభవాలు చెప్పండి

వానచినుకు:
నాన్నకి హార్ట్ ఫెయిల్యూర్. ఆస్పత్రిలో కొత్త మందు మీద ట్రయల్ నడుస్తోంది, చేరతారా అని డాక్టర్‌గారు అడిగారు. ఇరవై పేజీల సమ్మతి పత్రం ఇచ్చారు. సగం మందికి మందు, సగం మందికి ప్లాసిబో (మందు లేని మాత్ర), ఎవరికి ఏది పడిందో డాక్టర్‌కీ తెలియదట. అది చదివినప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు. జబ్బు మనిషికి ఉత్తుత్తి మాత్ర ఇస్తారా?

పాతపేషెంట్:
నేను షుగర్ మందు ట్రయల్‌లో రెండేళ్లు ఉన్నాను. ఇప్పుడు వాడుతున్న మందులు ఆపేస్తారా అన్నది ముందు అడగండి. నాకైతే పాతవన్నీ అలాగే ఉంచి, పైన ఒక మాత్ర కలిపారు. అది ఉత్తుత్తిదేనని చివర్లో తెలిసింది. దానికే నాకు రెండు వారాలు తలనొప్పి వచ్చింది, వాళ్లు శ్రద్ధగా రాసుకున్నారు కూడా! ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. విసుగు మాత్రం తప్పదు: మాటిమాటికీ రక్తపరీక్షలు, మిగిలిన మాత్రలు లెక్కపెట్టి వెనక్కివ్వడం.

అనుమానపుపక్షి:
మందు మంచిదని నమ్మకముంటే అందరికీ ఇవ్వొచ్చుగా. ఈ లాటరీ ఎందుకు? మనల్ని ఎలుకల్లా వాడుకోవడం కాదా?

రాత్రిడ్యూటీ:
ట్రయల్స్‌లో పనిచేసే నర్సుని. చిక్కంతా ఆ నమ్మకంతోనే. గుండెపోటు తర్వాత గుండె లయ తప్పుతుంటే ఒకప్పుడు ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ ఇచ్చేవారు. ఈసీజీ చక్కబడేది, కాబట్టి ప్రాణమూ నిలుస్తుందనుకున్నారు. క్యాస్ట్ అనే ట్రయల్‌లో ప్లాసిబోతో పోల్చి చూస్తే, ఆ మాత్రలు వేసుకున్నవాళ్లలోనే ఎక్కువమంది చనిపోయారు. 1989లో వాటిని మధ్యలోనే ఆపేశారు. లాటరీ లేకపోతే ఆ సంగతి బయటపడేదే కాదు, చావుల్ని జబ్బు ఖాతాలో వేసేవాళ్లం. డాక్టర్‌ని ఎంచుకోమంటే తెలియకుండానే కాస్త గట్టిగా ఉన్నవాళ్లకి కొత్త మందు ఇస్తారు, అప్పుడు లెక్కే తప్పుతుంది.
ఉల్టా కూడా జరుగుతుంది. 2020లో రికవరీ అనే ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే పాత, చవక స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో మరణాలు మూడో వంతు తగ్గించింది. అందరూ ఎగబడ్డ హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం పనిచేయలేదు.

కిటికీపక్కబెడ్:
నా అనుభవం చేదు. స్కాన్‌కి తీసుకెళ్లే హడావిడిలో సంతకం పెట్టించారు. అది కొత్త రక్తపరీక్ష మీద పరిశోధన అని తర్వాత తెలిసింది. పాజిటివ్ అన్నారు, బయాప్సీ చేస్తే ఏమీ లేదు. మధ్యలో నెల రోజుల టెన్షన్! పత్రం చివర ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో రోగులకి అన్యాయం జరగకుండా చూసేవాళ్లు) నంబర్ ఉంటే ఫిర్యాదు చేశాను, పిలిచి మాట్లాడారు.

రాత్రిడ్యూటీ:
అలా సంతకం తీసుకోవడం ముమ్మాటికీ తప్పే. పరీక్షల సంగతికొస్తే, వెయ్యి మందిలో పది మందికే జబ్బుందనుకోండి. మంచి పరీక్ష ఆ పదిలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది. జబ్బు లేనివాళ్లలో నూటికి ఐదుగురికి తప్పు చెప్పినా, దాదాపు యాభైమంది ఊరికే హడలిపోతారు.
వానచినుకు గారూ, ఎప్పుడైనా మానేయొచ్చు, మానేస్తే మామూలు వైద్యం ఆగదు. ఆ వాక్యం పత్రంలో ఉందో లేదో వెతకండి.

వానచినుకు:
ఉంది, పదకొండో పేజీలో. పాత మందులు ఒక్కటీ ఆపరట. ఏదైనా తేడా చేస్తే నాన్నకి ఏ మాత్ర పడిందో విప్పి చూస్తారట. నాన్న సరేనన్నారు. అమ్మ మాత్రం కళ్లజోడు పెట్టుకుని మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుతోంది.