ఫెర్రిక్ క్లోరైడ్ బీరువాలోనా, బాల్కనీలోనా?

రాగిపలక: ఇంట్లో పీసీబీలు (ఎలక్ట్రానిక్ భాగాలు అతికించే, రాగి గీతలున్న పలకలు) చేసుకుంటాను. అక్కర్లేని రాగిని కరిగించడానికి అర లీటరు ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్, తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్నాయి. పాపకు నడక వచ్చింది. ఇనుప బీరువాలో పెట్టి తాళం వేద్దామని నేను, బాల్కనీ పైఅరలో పెట్టమని మా ఆవిడ. మీరేమంటారు?

టంకం: బీరువాయే. కుర్చీ లాక్కుని ఎక్కడం వస్తే పైఅర ఎంత ఎత్తున ఉన్నా ఒకటే.

పాతరేడియో: తాళం సరే, బీరువా మాత్రం వద్దు. మూత ఎంత బిగించినా ఆమ్లం ఆవిరి కొంత బయటికి వస్తూనే ఉంటుంది. ముందు తుప్పు పట్టేది ఆ తాళానికే. ఫెర్రిక్ క్లోరైడ్ ఒలికితే స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా గుంటలు పడతాయి. బాల్కనీ ఇంకా అధ్వానం. ఎండ వేడికి పెరాక్సైడ్ విడిపోయి ఆక్సిజన్ పుడుతుంది, గాలి పోయే దారి లేని మూతయితే సీసా ఉబ్బుతుంది. తాళం వేసే ప్లాస్టిక్ పెట్టె కొని, గాలి ఆడే నీడలో పెట్టండి. ఆల్కహాల్ పక్కన పెరాక్సైడ్ వద్దు. ఆమ్లం దగ్గర బాత్రూమ్ బ్లీచింగ్ అసలే వద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు.

టంకం: అద్దె ఇంట్లో ఇన్ని పెట్టెలు ఎక్కడ పెడతారండీ? బీరువాలోనే ప్లాస్టిక్ ట్రేలు పెట్టుకుంటే పోలేదా?

పాతరేడియో: ట్రే ఒలికినదాన్ని పట్టుకుంటుంది, ఆవిరిని కాదు. అసలు ఆ ఆమ్లం ఎందుకు? ఆమ్లం, పెరాక్సైడ్ కలిపి చేసే పని కూడా రాగిని కరిగించడమే, అది ఫెర్రిక్ క్లోరైడ్ ఒక్కటే చేస్తుంది. రెండు సీసాలు తగ్గితే సగం చర్చ తీరిపోతుంది.

నీలిచుక్క: ఎక్కడ పెట్టాలన్నదే మాట్లాడుతున్నారు, దేనిలో పోశారో ఎవరూ అడగలేదు. ఫెర్రిక్ క్లోరైడ్ అచ్చం కాఫీ డికాక్షన్‌లా ఉంటుంది. కూల్‌డ్రింకు సీసాలో పోస్తే ఎన్ని లేబుళ్లు అంటించినా దండగే. పైగా మనం రాసేది ఇంగ్లీషులో, ఇల్లు సర్దేది అత్తగారో పనిమనిషో. పేరు, కలిపిన తేదీ, ‘విషం, ముట్టుకోవద్దు’ అని తెలుగులో పెన్సిల్‌తో రాసి పైన టేపు వేయండి. మార్కర్ సిరా ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది.

రాగిపలక: నాది నీళ్ల సీసాయే, ఈ రోజే మారుస్తాను. ఆమ్లం కూడా వదిలేస్తాను. వాడేసిన ద్రావణం సింకులో పోయవచ్చా?

పాతరేడియో: వద్దు. అందులో కరిగిన రాగి ఉంటుంది, చేపలకు విషం. ప్లాస్టిక్ సీసాలో ‘వాడినది’ అని రాసి ఉంచండి. ఆమ్లం, పెరాక్సైడ్ కలిపినది మిగిలి ఉంటే మూత బిగించకండి, ఇంకా వాయువు వస్తుంటుంది.

టంకం: మూత వదులుగా ఉంటే పాప చేతికి అందదా? అందుకే తాళం ఉన్న బీరువా అన్నాను.