హైండ్‌హెడ్ కొండల నడక: వాలంటీర్ల పనులు

నడక బాధ్యత, సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. ఈసారి మన సంఘం కుటుంబాల నడక ఇంగ్లండ్‌లో సర్రేలోని హైండ్‌హెడ్‌లో, డెవిల్స్ పంచ్‌బౌల్ అనే పెద్ద గుంట దగ్గర పెట్టుకుందామని అనుకున్నాం కదా. నిన్న అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్లి దారి చూసి వచ్చాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను, దాన్నిబట్టి ఎవరి పనులు వాళ్లు సర్దుకోండి.

ముందు ఒక మాట చెప్పాలి. పోయినేడు మనం ఆరు మైళ్ల దారి ఎంచుకున్నాం. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లలో సగంమంది మొదటి కంచె దగ్గరే ఆగిపోయారు. దాని మీది మెట్లెక్కి అటువైపు దిగడం వాళ్లవల్ల కాలేదు. మనం తిరిగొచ్చేదాకా రెండున్నర గంటలు కార్లలో కూర్చున్నారు. వాళ్లలో మా అమ్మ కూడా ఉంది. "పర్లేదులే, మీరు తిరిగొచ్చారుగా" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఆర్నెల్ల కోసం ఇంత దూరం వచ్చి, వారమంతా మన పిల్లల్ని బడికి దింపి తీసుకొచ్చి, మిగతా పొద్దంతా కిటికీ దగ్గర గడుపుతారు. బయటికెళ్లే ఆ ఒక్క రోజూ వాళ్లని కారులో కూర్చోబెట్టాం.

అందుకే ఈసారి దారి వాళ్ల అడుగునుబట్టే ఉండాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చేరగలిగిన చోటే గ్రూప్ ఫొటో, ఆటలు, భోజనం. ఇంకా నడవాలనుకునేవాళ్లు తిన్న తర్వాత నడుస్తారు.

హైండ్‌హెడ్‌లో అది కుదురుతుంది. కార్‌పార్క్ పక్కనే కఫే, టాయిలెట్లు ఉన్నాయి. అక్కడి నుంచి వెనకటి గుర్రపుబళ్ల దారి గిబ్బెట్ హిల్ దాకా వెళ్తుంది. వెడల్పైన దారి, ఎక్కుతున్నట్టు తెలియకుండా ఎక్కుతుంది. ఆ కొండ 272 మీటర్లు, సర్రేలో లీత్ హిల్ తర్వాత ఇదే ఎత్తు. అమ్మకి పైకి చేరడానికి నలభై నిమిషాలు పట్టింది, మధ్యలో రెండుసార్లు కూర్చుంది. పైన ఎండ బాగా కాస్తే లండన్ భవనాలు కూడా కనిపిస్తాయి.

ఎడంపక్కన కింద పచ్చగా కనిపించేదంతా ఒకప్పుడు లండన్ నుంచి పోర్ట్స్‌మత్ వెళ్లే ఏ3 రోడ్డు. పంచ్‌బౌల్ అంచు వెంబడి కార్లు బారులు తీరి ఆగిపోయేవట. 2011లో కొండ కింద 1.8 కిలోమీటర్ల సొరంగం తెరిచి, పైన రోడ్డు తీసేసి, ఆ నేలని మళ్లీ హెదర్ మొక్కలకి వదిలేశారు. నాన్న ఆర్ అండ్ బీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. "రోడ్డు వెయ్యడం ముప్ఫయ్యేళ్లు చూశానమ్మా, వేసిన రోడ్డు తీసి మొక్కలు పెంచడం ఇదే మొదటిసారి చూడటం" అన్నారు. ఆ రోజు ఈ కథ పెద్దవాళ్లకి ఆయన్నే చెప్పమన్నాను, ఒప్పుకున్నారు.

హెదర్ ఆగస్టు చివర్లో నిండుగా పూసి ఉంటుంది. దూరం నుంచి కొండంతా వంగపండు రంగు. దగ్గరికెళ్లి వంగి చూస్తే తులసి వెన్నులా సన్నటి పుల్ల, దాని నిండా బియ్యపు గింజంత పూలు. అమ్మ కోయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

భోజనాలు, సోమవారం రాత్రి

చాలా బాగుంది అక్కా. అయితే నాదొక ప్రశ్న. చలిగాలిలో చల్లటి పులిహోర తినమంటే పెద్దవాళ్లకి ఇబ్బంది కదా. చిన్న గ్యాస్ స్టవ్ తీసుకెళ్లి వేడివేడిగా మిరపకాయ బజ్జీలు వేద్దామా? పిండి నేను కలుపుకొస్తాను.

నడక బాధ్యత, మంగళవారం

బజ్జీలంటే నాకూ ప్రాణమే తమ్ముడూ, కానీ అక్కడ వద్దు. స్టవ్, బార్బెక్యూ, అగరువత్తి, ఏదీ వద్దు. ఎండాకాలంలో హెదర్, గోర్స్ పొదలు ఎండుగడ్డిలా అంటుకుంటాయి. 2020 మే చివర్లో అక్కడికి దగ్గర్లోనే ఉన్న థర్స్‌లీ కామన్‌లో నిప్పంటుకుని దాదాపు 150 హెక్టార్లు కాలిపోయింది. పక్షులు, బల్లులు, తూనీగలు ఉండే నేల అది. ఒక వాయి బజ్జీల కోసం ఆ ప్రమాదం మనం తలకెత్తుకోకూడదు.

వేడిగా కావాలంటే ఫ్లాస్కుల్లో మిరియాల చారు పోసుకెళ్దాం. నాలుగు పెద్ద ఫ్లాస్కులు మా ఇంట్లో ఉన్నాయి.

భోజనాలు, మంగళవారం

సరే అక్కా, చారు నాది. పులిహోర, దద్దోజనం, పిల్లలకి చపాతీ రోల్స్. పేపర్ ప్లేట్లు గాలికి ఎగిరిపోతాయి, కాబట్టి ఎవరి స్టీలు డబ్బా, చెంచా వాళ్లే తెచ్చుకోవాలని మెసేజ్ పెడతాను. చెత్త సంచులు కూడా తెస్తాను, అంతా తిరిగి ఇంటికే.

రవాణా, మంగళవారం

బ్యాంక్ హాలిడే (దేశమంతా సెలవు) వారాంతం కదండీ, కార్‌పార్క్ తొందరగా నిండిపోతుంది. తొమ్మిదిన్నరకల్లా చేరాలి. ఈ చోటుని చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థలో సభ్యత్వం ఉన్నవాళ్లకి పార్కింగ్ ఉచితం, మిగతావాళ్లు డబ్బు కట్టాలి. కాబట్టి సభ్యత్వం ఉన్న కార్లలో ఖాళీ సీట్లు ఎన్నో ముందు చెప్పండి. లండన్ నుంచి రైల్లో వచ్చేవాళ్లకి వాటర్‌లూ నుంచి హేజిల్‌మియర్ గంటలోపే. స్టేషన్ నుంచి పైకి తీసుకురావడానికి నాదీ, మా బావగారిదీ రెండు కార్లు తిరుగుతాయి. పెద్దవాళ్లున్న కుటుంబాలు మొదటి ట్రిప్పులో.

పిల్లల ఆటలు, బుధవారం

అక్కా, గిబ్బెట్ హిల్ దారి పక్కన నావికుడి రాయి అని ఒకటి ఉంది కదా. దాని కథ చదివాను. 1786లో ఓడ ఎక్కడానికి పోర్ట్స్‌మత్ నడిచి వెళ్తున్న ఒక నావికుడు దారిలో కలిసిన ముగ్గురికి తన డబ్బుతో తిండి, తాగుడు పెట్టించాడు. ఆ ముగ్గురే అతన్ని చంపి దోచుకున్నారు. మరుసటి ఏడు వాళ్లని గిబ్బెట్ హిల్ మీదే ఉరితీశారు. చనిపోయినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఇది పిల్లలకి చెప్పొచ్చా?

నడక బాధ్యత, బుధవారం

పదేళ్లు దాటినవాళ్లకి చెప్పండి. పెట్టిన చేతినే నరికిన కథ, మన ఊళ్లలోనూ చెప్పుకునేదే. ఉరి సంగతి ఒక్క వాక్యంలో దాటేసి, ఊరూ పేరూ తెలియని మనిషికి అక్కడివాళ్లు రాయి నిలబెట్టిన సంగతి కాసేపు చెప్పండి. చిన్నపిల్లలకి ఆ గుంట ఎలా పడిందో చెప్పండి. దయ్యం థార్ దేవుడి మీదకి విసరడానికి గుప్పెడు మట్టి తీసుకుంటే పడిందని అక్కడి కథ. అసలు సంగతేమిటంటే, నీరు ఇసుకరాతిలోంచి ఇంకి, కింది బంకమన్ను దగ్గర ఊటలుగా పైకి వచ్చి, వేల ఏళ్లుగా ఇసుకని కోసుకుపోయింది. ఆ ఊట కాలువలు అడుగున అడవిలో ఇప్పటికీ పారుతున్నాయి.

భోజనం తర్వాత ఓపికున్నవాళ్లని ఆ అడవిలోకి తీసుకెళ్దాం. దిగడం సులువు, మళ్లీ ఎక్కడం నిటారు. పసిపిల్లల బళ్లు అక్కడ నడవవు. రెండు గంటలు పడుతుంది. కిందికి వెళ్లే ప్రతి గుంపులో ముందొక వాలంటీరు, చివర ఒక వాలంటీరు. పైన పెద్దవాళ్లతో కనీసం ముగ్గురు ఉండాలి, వాళ్లని మళ్లీ ఒంటరిగా వదలకూడదు.

ప్రథమ చికిత్స, బుధవారం

అక్కడ పొడుగు గడ్డిలో పిడుదులు ఉంటాయి. మన ఊళ్లో పశువుల చెవుల్లో చూసేవే, ఇక్కడివి గసగసాలంత చిన్నగా కూడా ఉంటాయి. కొన్నిటివల్ల లైమ్ జబ్బు వస్తుంది. పిల్లలకి ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి. ఇంటికెళ్లాక మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టులో చూడండి. కనిపిస్తే సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. నలపొద్దు, నూనె పొయ్యొద్దు. తర్వాతి వారాల్లో గుండ్రంగా ఎర్రటి మచ్చ వస్తే మీ జీపీకి (ఫ్యామిలీ డాక్టరుకి) చూపించండి.

ఆడర్ అనే పాము ఉంటుంది, ఈ దేశంలో స్వతహాగా ఉండే విషపు పాము అదొక్కటే. వీపు మీద వంకరటింకర గీత. జోలికి వెళ్లకపోతే అదే తప్పుకుంటుంది. కరిస్తే కట్టు కట్టడం, కోయడం చెయ్యొద్దు. కదలకుండా కూర్చోబెట్టి 999కి ఫోన్ చెయ్యండి.

నడక బాధ్యత, గురువారం

ధన్యవాదాలు డాక్టరుగారూ. ఇంకో సంగతి, అక్కడ హైలాండ్ ఆవులు, ఎక్స్‌మూర్ గుర్రాలు తిరుగుతుంటాయి. అవి మేస్తేనే హీత్ (హెదర్ పెరిగే బయలు నేల) నిలుస్తుంది, లేకపోతే పైన్, బర్చ్ చెట్లు మొలిచి కొన్నేళ్లలో అడవి మూసేస్తుంది. గోమాతకి అరటిపండు పెడదామని మన పెద్దవాళ్లకి చెయ్యి ఊరుకోదు. వద్దని ముందే నెమ్మదిగా చెప్పండి.

చినుకులైతే నడుస్తాం. ఉరుములుంటే శనివారం రాత్రి ఇక్కడే రద్దు చేస్తున్నట్టు రాస్తాను, పైన కొండ బోడిగా ఉంటుంది.

చివరగా, చెప్పుల సంగతి. మొన్న దారి చూడటానికి వెళ్లినప్పుడు నాన్న హవాయి చెప్పులతో రాళ్ల మీద రెండుసార్లు జారారు. పట్టున్న షూ లేని పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఎవరున్నారో, సైజెంతో శుక్రవారంలోగా రాయండి. మా దగ్గర మూడు జతలు అదనంగా ఉన్నాయి: 5, 7, 8. అయిదో నంబరు అమ్మది, చీర మీద వేసుకుని హాల్లో అటూ ఇటూ నడిచి చూసుకుంటోంది. కాబట్టి అది తప్ప మిగతా రెండూ ఎవరికి కావాలో చెప్పండి.