ఎరుపు తగ్గాక మగకుక్క కలిసింది, కడుపు నిలుస్తుందా?

హూడి చిట్టి వాళ్లమ్మ:
మాది బెంగళూరు, హూడి. మా చిట్టి లాబ్రడార్, రెండేళ్లు నిండాయి. హీట్‌కి (ఎదకి) వచ్చినప్పటి నుంచి డైపర్ వేసి ఇంట్లోనే ఉంచాం. పన్నెండో రోజుకి రక్తం ఎరుపు తగ్గి, మాంసం కడిగిన నీళ్ల రంగుకి వచ్చింది. "అయిపోయిందిలే, పాపం ఎన్నాళ్లు కట్టేస్తారు" అని మా మామయ్యగారు డైపర్ విప్పేసి మేడ మీదికి తీసుకెళ్లారు. ఓనర్ వాళ్ల రాకీ అక్కడే ఉందని ఆయనకేం తెలుసు! నేను ఆరేసిన బట్టలు తీద్దామని వెళ్లేసరికి రెండూ అతుక్కుపోయి ఎడమొహం పెడమొహంగా నిలబడి ఉన్నాయి. ఆయన బకెట్టు నీళ్లు పోయబోతుంటే ఆపాను. పావుగంటకి వాటంతటవే విడిపోయాయి.

కింద వాటా ఆంటీ ఒక్కసారికి ఏమీ కాదంటోంది. ఊళ్లోంచి అత్తయ్య ఫోన్ చేసి కడుపు నిలవకుండా ఇంజెక్షన్ వేయించెయ్ అంటోంది. ఎవరి మాట వినాలి? కడుపుతో ఉందో లేదో ఎప్పటికి తెలుస్తుంది?

యలహంక తాతయ్య:
ఆంటీగారి మాట పక్కన పెట్టమ్మా. ఎరుపు తగ్గడమంటే హీట్ అయిపోవడం కాదు, అసలు కథ అక్కడే మొదలు. బాగా రక్తం పడే రోజుల్లో ఆడది మగదాన్ని దగ్గరికే రానివ్వదు, మీద పడి కరుస్తుంది. ఆ దశ సుమారు 9 రోజులు. కొన్నిటికి మూడు రోజులే, కొన్నిటికి 17 దాకా సాగుతుంది. తర్వాత రంగు వెలిసిపోతుంది. తోక మొదట్లో గీరి చూడు, తోక పక్కకి తప్పించి నిలబడుతుంది. అదీ గుర్తు. గుడ్డు విడుదలయ్యాక పక్వానికి రావడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది, మగదాని వీర్యమేమో లోపల ఐదారు రోజులు బతికే ఉంటుంది. కాబట్టి ఒక్కసారి చాలు. అతుక్కోకపోయినా నిలవొచ్చు.

నీళ్లు పోయనివ్వకపోవడం మంచి పని. బెదిరి గుంజుకుంటే రెండిటికీ దెబ్బే. కాపలా మాత్రం ఇంకో పది రోజులు వదలకు. ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడం కుక్కల్లో మామూలే.

కేఆర్‌పురం శీను:
మా స్వీటీకి అచ్చం ఇలాగే అయిందండీ. పొట్ట పెరిగింది, పాలు కూడా వచ్చాయి. నా సాక్సులన్నీ మంచం కిందికి మోసుకెళ్లి, పిల్లల్లా పక్కన పెట్టుకుని పడుకునేది. మేం పాత దుప్పట్లన్నీ ఉతికి సిద్ధం చేస్తే చివరికి ఒక్క పిల్లా లేదు!

హెబ్బాళ వెట్ స్టూడెంట్:
శీను గారూ, అది ఉత్తుత్తి కడుపు. కుక్కల్లో చాలా మామూలు. కడుపు నిలిచినా నిలవకపోయినా హీట్ తర్వాత దాదాపు రెండు నెలలు ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ ఒకేలా ఉంటుంది. అది తగ్గేటప్పుడు శరీరం మోసపోతుంది. అందుకే పొట్ట, పాలు చూసి నమ్మకూడదు. అక్కా, నాలుగు వారాలు దాటాక స్కాన్ తీయిస్తే తేలిపోతుంది. రిలాక్సిన్ (కడుపుతో ఉన్నప్పుడు వచ్చే హార్మోన్) రక్తపరీక్ష కూడా అప్పటికే పనిచేస్తుంది. మెడికల్ షాపులో మనుషులకి అమ్మే కిట్ దీనికి పనికిరాదు. పిల్లలెన్నో లెక్క తెలియాలంటే 55 రోజుల తర్వాత ఎక్స్‌రే. కాన్పు కలిసిన రోజు నుంచి 58-72 రోజుల మధ్య.

ఇంజెక్షన్ మాట దయచేసి మర్చిపోండి. పాత పద్ధతి ఈస్ట్రోజెన్ సూదితో గర్భసంచికి చీము పట్టొచ్చు, ఎముక మజ్జ దెబ్బతినొచ్చు. పిల్లలు వద్దే వద్దనుకుంటే డాక్టర్‌తో గర్భసంచి తీసేసే ఆపరేషన్ సంగతి ఇప్పుడే మాట్లాడండి. రాబోయే రెండు నెలల్లో తిండి మానేసి నీళ్లు తెగ తాగినా, వాసనతో చీములాంటిది కారినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

హూడి చిట్టి వాళ్లమ్మ:
అందరికీ థాంక్సండీ. ముందు స్కాన్ తీయిద్దాం అనుకుంటున్నాం. మామయ్యగారైతే ఒక పిల్లని అనంతపురం తీసుకెళ్తానని అప్పుడే బుక్ చేసేసుకున్నారు! ఈలోపు కాల్షియం సిరప్ పట్టమంటున్నారు, పట్టొచ్చా?

యలహంక తాతయ్య:
వద్దమ్మా. కడుపుతో ఉన్నప్పుడు కాల్షియం పోస్తే తన ఒంట్లోంచి కాల్షియం తీసుకునే అలవాటు మందగించి, పాలిచ్చే రోజుల్లో వణుకుడు, ఫిట్స్ రావచ్చు. స్కాన్ అయ్యేదాకా రోజూ పెట్టే తిండే పెట్టు. నిలిచిందని తేలితే ఆరో వారం నుంచి కొద్దికొద్దిగా పెంచు.