మెదిచీ బ్యాంకును ముంచింది లొరెంజోనా, బ్రూజ్ మేనేజరా?

పాతచిట్టా: 1397లో జొవాన్ని ది బిచ్చి మెదిచీ ఇటలీలోని ఫ్లారెన్సులో పెట్టిన ఈ బ్యాంకు, 1494లో ఆ కుటుంబాన్ని నగరం వెళ్ళగొట్టేనాటికే గుల్లబారిపోయింది. అందరూ జొవాన్ని మునిమనవడు లొరెంజోను నిందిస్తారు గాని, అసలు ముంచినవాడు నేటి బెల్జియంలోని బ్రూజ్ శాఖను నడిపిన తొమ్మాజో పోర్తినారి. బ్రూజ్‌ను ఏలిన బర్గండీ ప్రభువు ఛార్లెస్‌కు పరిమితి మించి అప్పులిచ్చాడు. 1477 జనవరిలో నాన్సీ యుద్ధంలో ఆ ప్రభువు చనిపోవడంతో బాకీ వసూలయ్యే దారి మూసుకుపోయింది.

విశ్రాంత మేనేజరు: అసలు పరిమితి ఎందుకు పెట్టవలసి వచ్చిందో చెప్పండి. అదే శాఖను అంతకుముందు నడిపిన ఆంజెలో తానితో 1455లో రాసుకున్న ఒప్పందంలో వర్తకులకూ, చేతిపనివారికీ తప్ప అప్పివ్వరాదని ఉంది. 1469లో లొరెంజో పగ్గాలు అందుకున్న తరువాతి ఒప్పందం మాత్రం ప్రభువుకు కొంతమేరకు ఇవ్వవచ్చునంది. తలుపు తీసినవాడిని వదిలి, లోపలికి నడిచినవాడిని పట్టుకుంటారా?

పాతచిట్టా: కొంతమేరకు అన్నారే గాని ఎంతైనా అనలేదు. ఫ్లారెన్సులోని ఉఫీజీ చిత్రశాలలో ఉన్న, పోర్తినారి గీయించుకున్న మూడు పలకల పటాన్ని చూడండి: ఒక రెక్కమీద తాను కొడుకులతో, రెండో రెక్కమీద భార్య కూతురితో మోకరిల్లి ఉంటారు. ఆ పటం 1483లో ఫ్లారెన్సు చేరింది. బ్రూజ్ శాఖ 1480లోనే మూతపడింది.

గోదారిగట్టు: ఆ పటంలో మేనేజరుగారికన్నా గొర్రెలకాపరులే బాగున్నారు.

విశ్రాంత మేనేజరు: పటం ఖాతాపుస్తకం కాదు. శాఖల లెక్కలు ఏటా ఫ్లారెన్సుకు వెళ్ళేవి, బ్యాంకు ప్రధాన మేనేజరు ఫ్రాంచెస్కో సస్సెట్టి వాటిని చూసేవాడు, చూసీ ఊరుకున్నాడు. నేను పనిచేసిన శాఖలో పై అధికారి ఫోనులో చెప్పినందుకు ఒక అప్పు మంజూరు చేశాను. ఖాతా మునిగాక ఫోనుకు సాక్ష్యం లేదు, కాగితంమీద నా సంతకం ఉంది. రెండేళ్ళు పదోన్నతి ఆగింది.

పాతచిట్టా: మీ పదోన్నతికీ బర్గండీకీ ఏమిటి సంబంధం? లొరెంజో లేకపోతే ఫ్లారెన్సుకు ఆ శిల్పాలూ, ఆ చిత్రాలూ ఎక్కడివి? ఆ కుటుంబం 1434 నుంచి 1471 వరకు కట్టడాలకూ, దానధర్మాలకూ, పన్నులకూ 6,63,755 ఫ్లోరిన్లు (ఫ్లారెన్సు బంగారు నాణేలు) ఖర్చుపెట్టిందని ఆయనే రాసుకున్నాడు.

చిట్టీబాధితురాలు: ఇప్పుడు అసలు మాట బయటపడింది. మీరు కాపాడుతున్నది లెక్కలను కాదు, బొమ్మలను. లొరెంజోను చంపబోయిన పాజీ కుటుంబం కుట్ర జరిగిన 1478లోనే, తండ్రిలేని, జ్ఞాతులైన ఇద్దరు పిల్లల సొమ్ములోంచి 53,000 ఫ్లోరిన్లకు పైగా లొరెంజో వాడుకున్నాడు. వాళ్ళు పెద్దవాళ్ళై అడిగితే, 1485లో ‘కఫజ్జోలో’ అనే పల్లె భవనంతోపాటు ఆస్తులు రాసివ్వవలసి వచ్చింది. నగరం ఆడపిల్లల కట్నాలకోసం 1425లో పెట్టిన నిధి సంగతి కూడా చదవండి: గడువు తీరినా తండ్రుల చేతికి పూర్తి నగదు రాని రోజులు వచ్చాయి. మా అమ్మాయి పెళ్ళికని కట్టిన చిట్టీ అలాగే పోయింది. ఆ కంపెనీ యజమాని ఊళ్ళో గుడికి గాలిగోపురం కట్టించాడు. అందరూ దండం పెట్టేవారు, నేనూ పెట్టాను.

పాతచిట్టా: మీ నష్టానికి విచారిస్తున్నాను. అయినా కట్టినవాడూ, కాజేసినవాడూ ఒకడేనంటే ఒప్పుకోను.

చిట్టీబాధితురాలు: నా విషయంలో ఒకడే.

విశ్రాంత మేనేజరు: అన్నట్టు, ఆ పిల్లల సొమ్ము తీసిన కాగితంమీద సంతకం ఏ మేనేజరుది?