పెదబయలు వైపు కొండ మీద ఊరికి పోస్టింగ్: వానాకాలం దారి, గెడ్డలు, డోలీ గురించి చెప్పండి

కొత్త మాస్టారు:
పెదబయలు మండలంలో కొండ మీద ఒక ఊళ్లో ఏకోపాధ్యాయ పాఠశాల ఇచ్చారు. జూన్‌లో చేరాలి. తారు రోడ్డు దిగాక ఆరు కిలోమీటర్లు మట్టి దారి, మధ్యలో రెండు గెడ్డలు (కొండవాగులు), చివరి కిలోమీటరున్నర కాలిబాట. ముప్పై గడపలు, దాదాపు అందరూ కోదు తెగ గిరిజనులు. సోమవారం ఎక్కి శనివారం దిగుదామని అనుకుంటున్నాను. మూడు సంగతులు కావాలి. ఎలాంటి బండి పనికొస్తుంది? గెడ్డ ఎప్పుడు దాటొచ్చు, ఎప్పుడు దాటకూడదు? ఊళ్లో ఎవరికైనా బాగా జబ్బు చేస్తే కిందికి ఎలా దించుతారు, అందులో నేను చేయగలిగింది ఏమిటి?

గెడ్డ దారి:
మాస్టారూ, విశాఖ నుంచి పాడేరు దాకా ఘాట్‌లో పొగమంచు తప్ప పెద్ద ఇబ్బంది లేదు. కష్టమంతా తారు అయిపోయాకే.

బండి 100 లేదా 125 సీసీదే తీసుకోండి. బురదలో పడితే ఇద్దరు లేపగలగాలి. బరువైన బండి ఇక్కడ గుదిబండే. వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) రెండు పళ్లు ఎక్కువున్నది వేయిస్తే ఎక్కుడులో ఫస్ట్ గేరులో ఊపిరి ఆడుతుంది. చైన్ పొడవు సరిపోతుందో లేదో అప్పుడే చూపించుకోండి. వెనక బటన్ టైరు (గుబ్బలున్నది) వేయించి, తారు దిగగానే గాలి నాలుగైదు పాయింట్లు తగ్గించండి. ముందు మడ్‌గార్డు మాత్రం వానాకాలం నాలుగు నెలలూ విప్పేసి ఇంట్లో పెట్టండి. ఇక్కడి ఎర్రమట్టి తడిస్తే బంక. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య గట్టిపడి చక్రాన్ని పట్టేస్తుంది. దిగుడులో అలా పట్టిందంటే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు.

దిగేటప్పుడు ఫస్ట్ గేరులో ఉంచి క్లచ్ వదిలేయండి, ఇంజనే బండిని ఆపుతుంది. ముందు బ్రేకు జోలికి పోవద్దు.

ఇక గెడ్డ. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పై కొండల మీద వాన పడుతుండొచ్చు, ఆ నీళ్లు మీ దగ్గరికి తర్వాత దిగుతాయి. గట్టు మీద ఐదు నిమిషాలు నిలబడి నీళ్లనే చూడండి. తేటగా ఉన్న నీరు ఎర్రబడి, ఎండుటాకులూ పుల్లలూ నురగా కొట్టుకొస్తున్నాయంటే పై నీరు వస్తోందని లెక్క. అప్పుడు చీలమండ లోతే ఉన్నా దిగొద్దు. వేసవిలోనే రెండు గెడ్డల్లోనూ కదలని పెద్ద రాయి ఒకటి చూసుకుని, మోకాలి ఎత్తులో సున్నంతో గీత పెట్టించండి. గీత మునిగితే ఆ పూట ప్రయాణం లేదు. వాన ఆగితే ఈ చిన్న గెడ్డలు కొన్ని గంటల్లో తీస్తాయి. రాత్రంతా ముసురు పడితే మర్నాటికీ చెప్పలేం.

గీత కనబడుతున్నా ముందు కర్ర పట్టుకుని నడిచి దాటి, గుంటలూ జారుడు రాళ్లూ చూసుకుని, ఆ తర్వాతే బండి దింపండి. సైలెన్సర్ మునిగే చోట యాక్సిలరేటర్ వదలకూడదు. మధ్యలో ఆగిపోతే సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే లోపలి కడ్డీ వంగిపోతుంది. ఒడ్డుకు తోసి, ప్లగ్ విప్పి, పది పదిహేను కిక్కులు కొడితే నీళ్లు చిమ్ముతాయి. ఎయిర్ ఫిల్టర్ పిండి ఆరబెట్టండి. ప్లగ్ రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి కూడా వస్తుంది కాబట్టి పక్కన ఎవరినీ చుట్ట వెలిగించనివ్వకండి. అవతలి గట్టుకి చేరాక బ్రేకు కొంచెం తొక్కి పట్టి యాభై గజాలు నడిపితే తడి ఆరుతుంది.

తల్లీబిడ్డ:
మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం, అడిగినందుకు సంతోషం.

డోలీ అంటే తొమ్మిది పది అడుగుల గట్టి వెదురుకి దుప్పటి రెండు కొసలూ ముడివేసి, అందులో మనిషిని పడుకోబెట్టి మోయడం. ఒకేసారి మోసేది ఇద్దరే అయినా ఆరుగురికి తక్కువగా బయలుదేరొద్దు. ఎక్కుడు దిగుడు దారిలో భుజాలు తొందరగా పడిపోతాయి. వెదురు పాతదైతే ముందు ఇద్దరు మగవాళ్లు వేలాడి చూడాలి. ముడి జారకుండా వెదురు గణుపుకి లోపలివైపు పడాలి.

తల ఎప్పుడూ కొండ పైకే ఉండాలి. దిగేటప్పుడు కాళ్లు ముందు, ఎక్కేటప్పుడు తల ముందు. నెలలు నిండిన మనిషిని వెల్లకిలా వేయకూడదు, కడుపు బరువు నడుం దగ్గరి పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి. కుడి నడుం కింద మడిచిన చీర పెట్టి ఎడమకి ఒత్తిగిల్లేట్టు చేయండి. ఆయాసంతో ఉన్నవాళ్లను దుప్పటిలో ముడుచుకునేలా వేస్తే ఊపిరి ఇంకా అందదు. కుర్చీకి వెదుళ్లు కట్టి కూర్చోబెట్టి మోయాలి. చెట్టు మీంచి పడి నడుమో మెడో దెబ్బ తగిలితే దుప్పటి డోలీ అస్సలు వద్దు. తలుపు చెక్క గాని బిగువైన మంచం గాని వాడండి.

మీరు చేయగలిగిన పెద్ద సాయం ఫోను. సిగ్నల్ దొరికే బండ ఎక్కడుందో మొదటి వారమే తెలుసుకోండి. డోలీ లేవకముందే ఒక కుర్రాణ్ణి అక్కడికి పరుగెత్తించి 108కి చెప్పించాలి. ఊరి పేరు చెబితే చాలదు, బండి వచ్చి ఆగగలిగే చోటు పేరు చెప్పాలి. మోసుకొచ్చాక ఫోన్ చేస్తే రోడ్డు మీద గంటలకొద్దీ వేచి ఉండాలి.

అసలు కాన్పుకి డోలీ అవసరం రాకూడదు. ఆశా కార్యకర్త దగ్గర కాన్పు తేదీలుంటాయి. వానాకాలంలో తేదీ ఉన్నవాళ్లను రెండు మూడు వారాల ముందే గర్భిణుల వసతి గృహానికి దింపాలి. వాళ్లు దిగనిది మొండితనంతో కాదు. ఇంట్లో చిన్నపిల్లలు, మేకలు, చోడి (రాగి) నాట్లు ఎవరు చూస్తారన్నదే వాళ్ల బెంగ. ఆ ఏర్పాటు ఊళ్లో కుదిర్చితే తామే దిగుతారు. మాస్టారు చెబితే మాట వింటారు.

కొత్త మాస్టారు:
గీత సంగతి మేలోనే చూస్తాను. జ్వరాల గురించి, ఊళ్లో ఉండటం గురించి కూడా చెప్పగలరా?

చోడి అంబలి:
జూన్ నుంచి మలేరియా కాలం. జ్వరం వస్తే రెండో రోజు దాకా ఆగకుండా ఆశా దగ్గర రక్తపరీక్ష చేయించండి, కిట్ మీద పావుగంట ఇరవై నిమిషాల్లో తేలుతుంది. మందులు మూడు రోజులకి ఇస్తే మొదటి రోజే జ్వరం తగ్గినా కోర్సు పూర్తి చేయాలి. దోమతెర అంచులు చాప కిందికి దోపాలి, ఊరికే వేలాడదీస్తే లాభం లేదు.

ఊట నీరు తేటగా కనిపించినా వానల్లో మరగబెట్టే తాగండి. పప్పు, నూనె, ఉప్పు, కొవ్వొత్తులు, టార్చి బ్యాటరీలు రెండు వారాలకు సరిపడా ఉంచుకోండి. గెడ్డ పొంగితే శనివారం దిగడం కుదరదు. సుద్దముక్కలూ రికార్డులూ మూత బిగుసుకునే డబ్బాలో పెట్టకపోతే ఆగస్టుకల్లా బూజు. నవంబరు నుంచి చలి, రెండు రగ్గులు కావాలి.

వారపు సంత రోజున ఊళ్లో పెద్దవాళ్లుండరు, తల్లిదండ్రుల సమావేశం ఆ రోజు పెట్టొద్దు. చైత్రంలో ఇటుకల పండగప్పుడు మగవాళ్లు వేటకు వెళతారు, దారిలో ఆడవాళ్లు, పిల్లలు కర్ర అడ్డం పెట్టి డబ్బులడుగుతారు. అది వాళ్ల ఆచారం, చిల్లర దగ్గర ఉంచుకుని సంతోషంగా ఇవ్వండి.

ఒకటో తరగతి పిల్లలకు ఇంట్లో వచ్చేది కువి, అంటే కోదుల భాష. తెలుగులో ప్రశ్న అడిగితే మాట్లాడకుండా నిలబడతారు. రాదని అనుకోవద్దు. ఐదో తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని రోజుకు పది కువి మాటలు మీ పుస్తకంలో తెలుగు లిపిలో రాసుకోండి, నీళ్లు, ఆకలి, కడుపునొప్పి అన్న మాటలతో మొదలుపెట్టి.

గెడ్డ దారి:
ఇంకొక్కటి. కోదులు పీవీటీజీ (మరీ బలహీన స్థితిలో ఉన్న గిరిజన తెగల) జాబితాలో ఉన్నారు. ఆ తెగల కోసం 2023 నవంబరులో మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్ కింద వంద జనాభా దాటిన ఇలాంటి ఊళ్లకు రోడ్డు అడగొచ్చు. మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో మండల కార్యాలయంలో, పాడేరు ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థలో) అడగండి. లేకపోతే గ్రామసభ తీర్మానం చేయించి, గడపల లెక్కా జనాభా లెక్కా జతచేసి అర్జీ ఇప్పించండి. రసీదు నకలు బడిలో ఒకటి, ఊరి పెద్ద దగ్గర ఒకటి ఉండాలి. మీకు బదిలీ అయినా ఆ కాగితం ఊళ్లోనే ఉంటుంది.