చైనాలో అందరికీ ఇన్ని పాత పద్యాలు నోటికి ఎలా వస్తాయి?

సుజౌలో_మేము:
మావారి ఉద్యోగం వల్ల రెండేళ్లుగా సుజౌలో ఉంటున్నాం. పై అంతస్తు ఆవిడ మనవడికి ఆరేళ్లు, మొన్న మా ఇంట్లో అన్నం తిని గిన్నెలో మెతుకులు వదిలేశాడు. నాయనమ్మ కోప్పడలేదు, ఏదో పద్యంలో మొదటి రెండు మాటలు అంది, అంతే, వాడు మిగతాదంతా గడగడా అప్పజెప్పేసి గిన్నె అంచుకి అతుక్కున్న మెతుకులు కూడా ఒక్కొక్కటే ఏరుకుని తినేశాడు! వెయ్యేళ్ల కిందటి పద్యమట. ఇక్కడ టాక్సీ డ్రైవర్ కూడా మాటల మధ్యలో ఇలాంటి పద్యం ఒకటి అంటాడు. ఇదంతా బడిలో బట్టీ పట్టించడం వల్లేనా, లేక వీళ్ల సమాజంలో కవిత్వానికి వేరే పని ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతపుస్తకం:
అది తాంగ్ రాజవంశం కాలపు (618–907) కవి లీ షెన్ పద్యం అయ్యుంటుందండి. మిట్టమధ్యాహ్నం రైతు కలుపు తీస్తుంటే చెమట పైరు కింద మట్టిలోకి కారుతోంది, పళ్లెంలో ఉన్న ప్రతి గింజా కష్టమేనని ఎవరికి తెలుసు, అని. మొత్తం 20 అక్షరాలు. మన ఇళ్లలో వేమన పద్యం లాగా అక్కడ పిల్లలకి మొదట నేర్పేవాటిలో ఇదొకటి.

ఇక మీ ప్రశ్నకి. అక్కడ పద్యం మొదటి నుంచీ మాట్లాడటానికి పనికొచ్చే వస్తువు. కన్ఫ్యూషియస్ తన కొడుకుని పాటలు చదివావా అని అడిగి, అవి చదవకపోతే నీకు మాట్లాడటానికే ఏమీ ఉండదు అన్నాడు. ఆ పాటలంటే 305 పాటల పాత సంకలనం, షి జింగ్. అప్పటి రాయబారులు పక్క రాజ్యానికి వెళితే విందులో అందులోంచి ఒక పాట ఎంచుకుని వినిపించి తమ మనసులో మాట చెప్పేవాళ్లు. తర్వాత తాంగ్ రాజుల కాలంలో పద్యం ఏకంగా ఉద్యోగ పరీక్షలోకి వచ్చేసింది. జిన్‌షి అనే పరీక్షలో అంశం వాళ్లే ఇస్తారు, ప్రాస కూడా వాళ్లే ఇస్తారు, పాదానికి ఐదక్షరాల చొప్పున 12 పాదాలు రాయాలి. మన అవధానంలో దత్తపది ఇచ్చినట్టు అనుకోండి, కాకపోతే ఇక్కడ దాని మీద జీవితమంతా ఆధారపడి ఉంటుంది. తర్వాతి సుంగ్ రాజుల కాలంలో వాంగ్ అన్‌షి అనే మంత్రి పరిపాలనకి పద్యం ఎందుకని దాన్ని తీయించాడు, చివరి రాజవంశం ఛింగ్ రాజులు 1757లో మళ్లీ తెచ్చారు, 1905లో ఆ పరీక్షలే పోయాయి. అన్ని తరాలు ఉద్యోగం కోసం పద్యం నేర్చుకుంటే అది ఇంటింటికీ చేరకుండా ఎలా ఉంటుంది?

ఏటిగట్టు:
పాతపుస్తకం గారూ, పరీక్షల సంగతి నిజమే కానీ అసలు కారణం అది కాదని నా అభిప్రాయం. పరీక్ష హాల్లో పుట్టిన పద్యాల్లో 751లో ఛియెన్ ఛి అనే కవి రాసినది లాంటివి ఏ కొన్నో తప్ప జనం గుర్తుపెట్టుకున్నవి చాలా తక్కువ. జనం నోట నిలిచింది ఉద్యోగం వచ్చాక రాసినవి. అధికారిని కొన్నేళ్లకోసారి బదిలీ చేస్తారు, రాజుకి కోపం వస్తే ఎక్కడో దక్షిణాన మారుమూలకి తోలేస్తారు, స్నేహితుడు మళ్లీ కనిపిస్తాడో లేదో తెలియదు. అందుకే వీడ్కోలుకి పద్యం, ఉత్తరంలో పద్యం, దారిలో సత్రం గోడ మీద పద్యం. 815లో తాంగ్ కవి బై జూయీ తన ప్రాణస్నేహితుడు యువాన్ జెన్‌కి రాసిన ఉత్తరంలో, రాజధాని నుంచి వచ్చిన దారి పొడవునా పల్లె బళ్లలో, గుళ్లలో, సత్రాల్లో, పడవల మీద తన పద్యాలు రాసి ఉండటం చూశానని చెప్పుకున్నాడు. ఆ ప్రయాణం కూడా పదవి తగ్గించి పంపేస్తే చేసిందే!

పద్యానికి అంత బలం ఉంది కాబట్టే భయమూ ఉండేది. 1079లో సుంగ్ కాలపు కవి, అధికారి సూ షిని అరెస్టు చేసి, ప్రభుత్వాన్ని వెక్కిరించాడంటూ ఆయన పద్యాలనే సాక్ష్యంగా పెట్టి, ఒక్కో పాదానికీ అర్థం చెప్పమని నెలల తరబడి విచారించారు. బతికి బయటపడ్డాడు కానీ హువాంగ్‌జౌ అనే దూరపు ఊరికి పంపేశారు. అక్కడ ఇల్లు గడవక తూర్పు వాలులో చిన్న చెక్క దున్నుకున్నాడు, తూర్పు వాలు అనే అర్థం వచ్చే డోంగ్‌పో అన్న పేరు అలా వచ్చిందే. ఆయన గొప్ప రచనలు కొన్ని అక్కడే పుట్టాయి. ఉద్యోగం కోసం నేర్చిన విద్య కష్టంలో తోడు నిలిచింది, జనం దాచుకున్నది ఆ రెండోదాన్ని.

మెడిసిన్_రోజులు:
నేను చైనాలో ఎంబీబీఎస్ చదివాను. మొదటి ఏడాది శరదృతువు పౌర్ణమి పండక్కి ఇంటి మీద బెంగతో ఏడుపొచ్చేసింది. హాస్టల్ వాచ్‌మన్ తాత చంద్రుడి బిస్కెట్ ఒకటి చేతిలో పెట్టి, నా నోట్‌బుక్‌లో తాంగ్ కవి లీ బై పద్యం రాసిచ్చాడు. మంచం ముందు వెన్నెల పడితే నేల మీద మంచేమో అనుకున్నా, తల ఎత్తి చంద్రుణ్ని చూశా, తల దించి సొంతూరు తలుచుకున్నా. అంతే, ఇంకేమీ లేదు అందులో. నాకు అప్పటికి వచ్చిన కొద్దిపాటి చైనీస్‌తోనే అర్థమైపోయింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇంకోటి. 2020లో కరోనా మొదలైనప్పుడు జపాన్ నుంచి చైనాలోని హూబే రాష్ట్రానికి వచ్చిన సాయం పెట్టెల మీద, కొండలూ నదులూ వేరైనా గాలీ వెన్నెలా ఒకే ఆకాశం కిందివి అనే అర్థంతో చైనీస్ పాదాలు అంటించారు. 8వ శతాబ్దంలో జపాన్ రాకుమారుడు నగాయా, చైనా భిక్షువులకి పంపిన వస్త్రాల మీద కుట్టించిన పాదాలట అవి. మా బ్యాచ్ గ్రూపులో చైనా స్నేహితులు ఆ ఫోటో పెట్టి ఎంత కదిలిపోయారో!

సుజౌలో_మేము:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఏటిగట్టు గారు రాసింది చదివి, ఊరికి దూరంగా పంపేసినవాళ్ల పద్యం ఏదైనా చెప్పమని నిన్న పైన నాయనమ్మని అడిగాను. తాంగ్ కవి లియూ జోంగ్‌యువాన్ పద్యం చెప్పింది. వెయ్యి కొండల్లో పిట్ట లేదు, దారుల్లో మనిషి అడుగు లేదు, ఒంటరి పడవలో ఒక ముసలాయన చలి ఏటి మంచులో గాలం వేస్తున్నాడు. మనవడు బడిలో నేర్పిన మాండరిన్‌లో అందుకున్నాడు. ఆవిడ వాణ్ని ఆపి, తన చిన్నప్పుడు వాళ్ల నాన్న చెప్పినట్టు సుజౌ యాసలో చెప్పింది. ప్రాస పడే మాటలన్నీ గొంతులో టక్కున ఆగిపోయాయి, తలుపు మూసినట్టు. మాండరిన్‌లో ఆ విరుపు పోయిందట, తాంగ్ కాలంలో ఉండేదట. వాడికి ఆ పలుకుబడి రాదు, మూడుసార్లు ప్రయత్నించాడు. నేను ఫోన్‌లో రికార్డు చేసి వాళ్ల అమ్మకి పంపాను.